కేబుల్ కృపాదానం గారింట్లో టీవీ

రాంచీ వైపున్న ఉక్కు ఊళ్ళో, సోనారి పేట తెలుగువాళ్ళలో కృపాదానం పేరుకు ముందు 'కేబుల్' అన్న మాట ఇంటిపేరులా అతుక్కుపోయి చాలా ఏళ్ళయింది. అది విని కొత్తవాళ్ళు ఆయనను నెలనెలా వచ్చి టీవీ చందా వసూలు చేసుకునే మనిషి అనుకుంటారు. అలా అనుకున్నవాళ్ళకు ఆయనింట్లో కాఫీ కన్నా ముందు ఉపన్యాసం దొరుకుతుంది. ఊరి పక్క గమ్హరియాలో ఒక కర్మాగారంలో ఆయన కేబుల్ జాయింటరుగా చేశాడు. మనిషి ముంజేయంత లావున్న కేబుళ్ళు భూమిలో ఎక్కడ తెగితే అక్కడ గొయ్యి తీయించి, అందులోకి దిగి, పొర మీద పొర ఒలిచి, అతికి, మళ్ళీ పొరలన్నీ తొడిగి పైకి వచ్చేవాడు. తాను అతికిన చోట మళ్ళీ తెగలేదన్నది ఆయన గొప్ప. అది నిజమే కాబట్టి ఎవరూ కాదనలేదు, వినడం మాత్రం మానేశారు.

అంతటివాడు రిటైరయ్యాక సొంత ఇంట్లో టీవీకి ఒక్క కేబులు తగిలించలేక నవ్వులపాలయ్యాడు. ఈ సంగతి మనకు ఎవరో చాడీలు చెబితే తెలిసింది కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో టీ గ్లాసు పట్టుకుని ఆయనే చెబుతాడు. వెధవ పని ఎలాగూ చేశాం, చెప్పే అవకాశం కూడా ఇంకొకడికి ఎందుకివ్వాలన్నది ఆయన లెక్క.

కథకు మూలం స్టెఫీ పెళ్ళి. స్టెఫీ అంటే ఆయన భార్య ఆనందకుమారికి చెల్లెలి కూతురు. పిల్ల చిన్నతనంలోనే చెల్లెలికి జబ్బు చేస్తే, దాన్ని బొబ్బిలి నుంచి తెచ్చుకుని ఇంటర్ దాకా సోనారిలోనే పెంచింది ఆనందకుమారి. జడలు వేసింది, ఎక్కాలు నేర్పింది, చర్చిలో పాడించింది. ఆ పిల్లకు ఇప్పుడు బొబ్బిలిలో ప్రభుకిరణ్ అనే కుర్రాడితో పెళ్ళి కుదిరింది. సరిగ్గా ఆ రోజులకే ఆనందకుమారి మోకాలికి ఆపరేషన్ అయింది. రైలెక్కడం మాట అటుంచి గడప దాటొద్దన్నాడు డాక్టరు. ఆవిడను వదిలి కృపాదానమూ కదల్లేడు. పెళ్ళిని యూట్యూబులో పెడతాం, మీ టీవీలో చూసుకోండి అన్నారు బొబ్బిలివాళ్ళు.

చూడటానికేం, చూడొచ్చు. వినడమే కష్టం. ఆనందకుమారికి ఎడమ చెవి ఎప్పుడో మందగించింది, కుడిది దాని బాటలోనే ఉంది. గోడకు తగిలించిన ఆ పలచటి టీవీ గొంతు గోడతోనే మాట్లాడుకున్నట్టు ఉంటుంది తప్ప ఎదుటివాళ్ళకు మాటలు తెలియవు.

"నాకు భోజనాలు చూపించక్కర్లేదండీ, చీరలూ చూపించక్కర్లేదు. పాస్టరు గారు అడిగినప్పుడు అది ప్రమాణం చెప్తాది చూడండి, ఆ నాలుగు ముక్కలు దాని నోట వింటే చాలు నాకు," అంది ఆవిడ.

కృపాదానం కరిగిపోయాడు. పెళ్ళయినప్పటి నుంచి తనను ఏదీ గట్టిగా అడగని మనిషి అడిగింది. అందులోనూ తన వృత్తికి సంబంధించిందే అడిగింది. "ఇన్పించే పూచీ నాది," అన్నాడు.

దారి కూడా దొరికింది. రాంచీలో ఉండే కూతురు ప్రిస్సీ ఇల్లు మారుతూ, తన రిసీవరునూ రెండు పెద్ద స్పీకర్లనూ వీళ్ళింట్లో పడేసి వెళ్ళింది. రిసీవరంటే వేరేం కాదు, టీవీ నుంచి శబ్దాన్ని తీసుకుని, దానికి బలం పోసి స్పీకర్లకు పంపే నల్లటి పెట్టె. టీవీకీ దానికీ మధ్య ఒక్క కేబులు పడితే చాలు. ఒక్క కేబులే! కృపాదానం మీసం కింద నవ్వుకున్నాడు. ఆ నవ్వే ఆయన కొంప ముంచింది.

కూతుర్ని అడిగితే చెప్పేది. అడగలేదు. కేబులు గురించి కేబుల్ కృపాదానం ఇంకొకరిని అడగటమా? బజారులో దొరికే సన్నటి తీగలను వేళ్ళతో నలిపి చూసి పెదవి విరిచి, పాత సామాన్లలోంచి మంచి లావుపాటి రాగి కేబులు తీసి, రెండు కొసలకూ పిన్నులు అతికి, సొంతంగా ఒకటి తయారుచేశాడు. దాని ఒక కొసను టీవీకి ఇయర్‌ఫోను పెట్టే రంధ్రంలో, రెండోదాన్ని రిసీవరు వెనక గుచ్చాడు. కర్మాగారంలో ప్రతి కేబులు పైతొడుగునూ రెండు వైపులా ఎర్త్ చేయడం అలవాటు కదా, ఇక్కడా చేశాడు. పెరట్లో ఎర్త్ గుంట నుంచి వంటింటి మీదుగా ఒక తీగ లాగి రిసీవరు ఒంటికి కట్టాడు. స్విచ్చి వేయగానే ఇల్లంతా గుయ్యిమని ఒకటే మోత. అందులో మనిషి మాట ఒక్కటి లేదు.

"ఏవండీ, సబ్‌స్టేషన్ని ఇంట్లోకి తెచ్చేరా?" అంది ఆనందకుమారి మంచం మీద నుంచి. అంత మందగించిన చెవికీ అది వినబడిందని కృపాదానం కాసేపు సంతోషించాడు కూడా.

తర్వాత ఆప్టికల్ కేబులని ఒకటి తెచ్చాడు. అందులో శబ్దం వెలుగుగా మారి ప్రయాణం చేస్తుందని దుకాణంలో చెప్పారు. చేతిలోకి తీసుకుంటే జాకెట్టు కుట్టే దారంలా ఉంది. నమ్మకం కుదరకపోయినా బిగించాడు. శబ్దం రాలేదు. దాని రెండు కొసలకూ చిన్న ప్లాస్టిక్ టోపీలు ఉంటాయనీ, అవి తీశాకే పెట్టాలనీ ఆయనకు తెలియదు. టోపీల మీదే బలంగా తోసి, పైపెచ్చు కరెంటు వైరుకు కొట్టినట్టు గోడ పొడుగునా మేకులతో బిగగొట్టాడు. ప్రిస్సీ వీడియో కాల్లో చూసి నెత్తి కొట్టుకునేసరికి ఆ దారం మేకుల కింద మూడు చోట్ల నలిగి చచ్చిపోయింది.

"పాపా, సునో నా. హెచ్‌డీఎంఐ కేబుల్ లగావ్. ఏక్ హీ కాఫీ హై," అంది ప్రిస్సీ. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, నోరు మాత్రం హిందీలోనే తెరుచుకుంటుంది. ఆ ఒక్క కేబులు చాలట.

ఆ కేబులూ కొన్నాడు. సెట్‌టాప్ బాక్సును రిసీవరుకు కలిపి, రిసీవరు నుంచి ఈ కేబులు టీవీకి పెడితే వార్తలు మోతగా వచ్చాయి. ఆనందకుమారి లేచి కూర్చుంది. కానీ పెళ్ళి వచ్చేది సెట్‌టాప్ బాక్సులోంచి కాదు, టీవీ లోపలే ఉన్న యూట్యూబులో. అది పెట్టి చూస్తే స్పీకర్లు మూగనోము పట్టాయి.

"టీవీకి ఏఆర్‌సీ అని రాసిన సాకెట్టు ఉంటుంది, కేబులు అందులోకి మార్చు. అదే కేబులు మీదుగా టీవీ శబ్దం వెనక్కి రిసీవరుకు వస్తుంది," అని ప్రిస్సీ హిందీలో పూసగుచ్చినట్టు చెప్పింది.

ఆ మాటకు కృపాదానం బిగుసుకుపోయాడు. "ఏటి, ఏటి? బొమ్మ ఇటునుంచి అటెల్లే కేబుల్లోంచే సౌండు అటునుంచి ఇటొత్తాదా? ఏటి మాటాడతన్నావే? ఎనక్కొచ్చిన కరెంటు మనుషుల్ని తినేత్తాది!"

"పాపా, యే కరెంట్ నహీఁ హై. సిగ్నల్ హై."

"సిగ్నలో గిగ్నలో నాకు సెప్పకు. ఎల్లే లైను ఏరు, వచ్చే లైను ఏరు. ముప్పయ్యేళ్ళు సేసేను ఈ పని."

ఇక్కడ ఆయనను చూసి నవ్వే ముందు సూర్యం సంగతి తెలియాలి. సూర్యం కృపాదానానికి జతగాడు. గోతిలోకి దిగితే ఇద్దరూ దిగేవాళ్ళు. దిగే ముందు స్విచ్చి తీసేసి, దాని పిడికి ఎర్ర ట్యాగు కడతారు. 'పని జరుగుతోంది, స్విచ్చి వేయరాదు' అని రాసి దాని కింద లోపల ఉన్న మనిషి పేరు ఉంటుంది. ఆ పేరున్న మనిషి వచ్చి తన చేత్తో తీస్తే తప్ప దాన్ని పెద్ద ఇంజినీరైనా ముట్టుకోకూడదు. ఒకరోజు సూర్యం గోతిలో ఉండగా, ఆ చివరనున్న షెడ్డులో ఎవరో రెండు నిమిషాల పనే కదాని ట్యాగు తీసి స్విచ్చి వేశారు. చచ్చిపోయిందనుకున్న కేబుల్లో అవతలి వైపు నుంచి కరెంటు వెనక్కి వచ్చింది. సూర్యం బతికాడు కానీ రెండు చేతులూ మణికట్టు దగ్గర పోయాయి. చాలాకాలం ఆనందకుమారి రోజూ వాళ్ళింటికి వెళ్ళి, ఆయనకు అన్నం కలిపి నోట్లో పెట్టి వచ్చేది. ఆ రోజుల నుంచి కృపాదానానికి వెనక్కి వచ్చేది ఏదైనా భయమే. ఆ భయం టీవీ దగ్గర పనికిరాదని బుర్రకు తెలుసు. చేతులకు ఎవరు చెప్పాలి?

పెళ్ళి రోజు ఉదయం ప్రిస్సీ పోరు పడలేక కేబులు తీసి ఏఆర్‌సీ సాకెట్టులోకి మార్చాడు. రెండు గొంతులు ఒకేసారి మోగితే ప్రమాదమని టీవీ సొంత గొంతును సెట్టింగుల్లోకి వెళ్ళి నొక్కేశాడు. పెళ్ళి లింకు తెరిచి పెట్టాడు. 'కాసేపట్లో మొదలవుతుంది' అని తెర మీద అక్షరాలు వచ్చాయి. ఇక రిసీవరు ప్లగ్గు బోర్డులో పెట్టడమే తరువాయి.

పెట్టలేకపోయాడు. ప్లగ్గు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మనసు పీకింది. పోయేదానికి ఒకటి, వచ్చేదానికి ఒకటి ఉంటే తప్ప ఆయనకు నిద్ర పట్టదు. సాక్‌చీ బజారు ఎంత దూరం గనక, వచ్చే శబ్దానికి విడిగా ఇంకో కేబులు తెచ్చేద్దామనుకున్నాడు. ఈలోగా ఎవరూ స్విచ్చి వేయకూడదు కదా. అలవాటున్న చేయి దాని పని అది చేసుకుపోయింది. అట్ట ముక్క చింపి, ఎర్ర స్కెచ్ పెన్నుతో 'పని జరుగుతోంది, స్విచ్చి వేయరాదు, కృపాదానం' అని రాసి, ప్లగ్గుకు దారంతో కట్టాడు. టీవీ రిమోటు, తాళంచెవి దాచుకున్నట్టు చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడే వత్తన్నా. పెళ్ళి టైముకి ముందే వచ్చేత్తాను," అని స్కూటరెక్కాడు.

వెళ్ళినవాడు వెంటనే రాలేదు. దుకాణం ఇంకా తెరవలేదు. తెరిచాక దుకాణదారు, "భాయ్‌సాబ్, ఇంకో కేబుల్ ఎందుకు? ఉన్నదే చాలు," అని హిందీలో అన్నాడు. ఎవరైనా అక్కడితో నోరుమూసుకుని వచ్చేస్తారు. కృపాదానానికి ఆ మాట ఉపన్యాసానికి ప్రారంభగీతంలా వినిపించింది. వెళ్ళే లైను, వచ్చే లైను, ఎర్తు, అతుకు అన్నీ వరసగా మొదలుపెట్టాడు. మధ్యలో ఒక కేబులు కోసి లోపలి రాగి చూపించమన్నాడు. దుకాణదారు వినకపోతే పక్కనున్న గిరాకీని పట్టుకున్నాడు. ఆ గిరాకీ మంచివాడు కావడం మన ఖర్మ, చేతులు కట్టుకుని చక్కగా విన్నాడు. అంత శ్రద్ధగా వినేవాడు దొరికి ఎన్నాళ్ళయిందో, కృపాదానం పెళ్ళి సంగతే మరిచిపోయాడు. జేబులో రిమోటు ఛాతీకి గుచ్చుకుంటే గుర్తొచ్చింది. గడియారం చూసుకునేసరికి పెళ్ళి టైము దాటిపోయింది. కేబులు సంచీలో పడేసుకుని, దారి పొడుగునా ఆటోలవాళ్ళతో తిట్లు తింటూ ఇంటికొచ్చి పడ్డాడు.

ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఆనందకుమారి పట్టుచీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని, కాలు ఎత్తుపీట మీద చాపుకుని కుర్చీలో కూర్చుని ఉంది. పక్కనే పొరుగింటి ముసలావిడ జోగమ్మ. టీవీలో స్టెఫీ, ప్రభుకిరణ్ దండలతో నిలబడి ఉన్నారు. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి ఫొటోలు దిగుతున్నారు. ప్రమాణాలు ఎప్పుడో అయిపోయాయి.

ప్లగ్గు ఆయన వదిలిన చోటే నేల మీద, మెడకు అట్ట ముక్కతో పడి ఉంది.

"వచ్చేవా బాబూ, మారాజువి!" అంది జోగమ్మ. "పెళ్ళంతా మూగబొమ్మలాటయిపోనాది. ఆ పిలక బోర్డులో గుచ్చీమంటే మీ ఆవిడ ఇననేదు. నానే గుచ్చుతానని లేత్తే, నా సెయ్యి గట్టిగా పట్టీసుకున్నాది. ఇదుగో సూడు, ఇంకా ఎర్రగున్నాది!"

కృపాదానం భార్య వైపు తిరిగాడు. "అదేటి ఆనందా! ఆ ఒక్క ప్లగ్గెట్టుకుంటే అయిపోను గదా! అట్టముక్కే గదా అది?"

"మీ పేరుంది దాని మీద," అంది ఆవిడ.

"ఉంటే?"

"నేనెలా తీస్తానండీ? మీరు గోతిలో ఉన్నన్నేళ్ళూ నేను ప్రార్థన చేసిందదొక్కటే. ఎవళ్ళూ రెండు నిమిషాల పనే కదాని మీ పేరున్న ట్యాగు తీయకూడదని. ఇయ్యాళ నా పని పడింది కదాని నేను తీసేస్తానా?"

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేవాడు. కృపాదానం సంచీ నేల మీద పెట్టి, ప్లగ్గు ముందు చతికిలబడ్డాడు. తనను ఇన్నేళ్ళు బతికించిన నియమాన్ని తీసుకొచ్చి, పాటలు వినే పెట్టెకు దిష్టిబొమ్మలా కట్టాడు తను. దాన్ని నిజం చేసి, కూతురు లాంటి పిల్ల పెళ్ళిని చెవిలో పడకుండా వదిలేసుకుంది ఆవిడ. లోకంలో గాడిదలన్నిటికీ కలిపి ఒకటే ట్యాగు ఉంటే అది ఈ పూట తన మెడలో ఉండాలనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముడి కనబడక దారం విప్పడానికి చాలాసేపు పట్టింది.

కొత్త కేబులు సంచీలోనే ఉండిపోయింది. ఉన్న కేబులు మీదే ప్లగ్గు పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని స్విచ్చి వేశాడు. ఏమీ పేలలేదు. బొబ్బిలి చర్చిలో కుర్చీలు జరుగుతున్న చప్పుడూ, పిల్లల కేకలూ, ఎవరో "ఐస్‌క్రీం అటేపు" అనడమూ ఇంటినిండా స్పష్టంగా వినిపించాయి. అంటే పొద్దున తాను గుమ్మం దాటేటప్పటికే పని పూర్తయి ఉంది. స్విచ్చి ఒక్కటే తక్కువ.

రిమోటు తీసి వీడియోను వెనక్కి జరిపాడు. ప్రమాణాల ముందు పాస్టరు గారు మైకు స్టెఫీ చేతికి ఇచ్చారు. ఆ పిల్ల మైకు నోటి దగ్గర పెట్టుకుని, పెళ్ళికొడుకు వైపు కాకుండా తిన్నగా కెమెరాలోకి చూసింది.

"పెద్దమ్మా! పెదనాన్న ఈపాటికి కేబుల్ పెట్టీసుండరు. నెల్లాళ్ళబట్టి నాకు ఫోన్లో పాఠాలు చెప్తన్నారు, నాకు తెల్దేటి? మీ టీవీ సౌండు నీకు చాలదు గదా. అందుకే నేను గట్టిగా చెప్తాను, ఇనుకో."

చర్చి మొత్తం గొల్లున నవ్వింది. పాస్టరు గారు కూడా తల వంచుకుని భుజాలు కదిలించారు. బొబ్బిలిలో తనను చూడనివాళ్ళకు కూడా తన కేబులు సంగతి తెలిసిపోయిందన్నమాట. కృపాదానం కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

అప్పుడు స్టెఫీ ప్రమాణం మొదలుపెట్టింది. చెప్పడం కాదు, అరిచింది. సుఖంలోనూ కష్టంలోనూ, జబ్బులోనూ ఆరోగ్యంలోనూ నిన్ను విడువనని, ఏటి అవతలి గట్టున ఉన్న మనిషిని పిలిచినట్టు, మాట మాటకూ ఆగి, ఒత్తి, గొంతు చించుకుని చెప్పింది. ప్రభుకిరణ్ బెదిరిపోయి ఒక అడుగు వెనక్కి వేశాడు. స్పీకర్లు అదిరి గోడ మీద ఫొటోలు గలగలలాడాయి. జోగమ్మ చెవులు మూసుకుంది.

"అంత గొంతుకి రిసీవరెందుకే? బొబ్బిలి నుంచి డైరెక్టుగా ఇన్పించీసుండును," అన్నాడు కృపాదానం కళ్ళు తుడుచుకుంటూ. భార్య మొహంలోకి చూడటానికి ఇంకా ధైర్యం చాలలేదు. "ముందే ఇననేకపోనావు. నా వల్లే," అన్నాడు.

"ముందే తెలిసిందండీ," అంది ఆనందకుమారి. "చెప్పినప్పుడు దాని మెడ నరాలు ఉబ్బేయి. చిన్నప్పుడు నేను వంటింట్లో ఉంటే పెరట్లోంచి అలాగే అరిచేది. నా కోసమే అరుస్తందని నాకు అప్పుడే తెలిసిపోయింది. మాటలే ఇప్పుడిన్నాను."

ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకుని, జడలో జారిన పూలు సర్దుకుంది.

"ఇంకోసారి పెట్టండి," అంది.

పెట్టాడు.